టీకా మీద నేను వేసిన నింద

నా భార్యని చంపింది టీకా అని కర్ణాటకలో ఆంధ్రా అంచునున్న మా వైపు అందరూ అనుకుంటారు. బాగేపల్లిలో అనుకుంటారు, పాతపాళ్యలో అనుకుంటారు, చింతామణిలో నా అంగడి చుట్టుపక్కల వాళ్లూ అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే ఏదో పాపం, అలసిపోయినవాడిలా వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఆ మాటే నన్ను మోసింది. దాని మీద కూర్చునే నేను అంగడి నడిపాను, బిడ్డని చదివించుకున్నాను, పెళ్లిళ్లకి పోయి ముందు వరుసలో భోంచేసి వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే ఇంతదూరం వచ్చేదే కాదు. పేర్లు మార్చాను. ఆమెని నాగరత్న అంటాను. నాకు మాత్రం పేరు పెట్టుకోవాలనిపించలేదు.

నాది విత్తనాల అంగడి. అంతకుముందు, పెళ్లికి ముందు నుంచీ, ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. రైతుల పొలాల్లో కొత్త రకాలు వేయించి, ఎలా కాస్తున్నాయో చూడటం నా పని. ఒక మడిలో కొత్త రకం టమోటా, పక్క మడిలో అందరూ వేసే పాత రకం. ఆ పాత రకం వేసిన మడిని చెక్ ప్లాటు అంటాం. అది లేకపోతే కొత్తది నిజంగా బాగా కాసిందో, ఆ ఏడు వానలే బాగా పడ్డాయో తేల్చలేం. కానీ జనాన్ని పిలిచి చూపించే రోజు చెక్ ప్లాటు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. అందరూ కొత్త రకం ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. చెక్ ప్లాటు తన పొలంలో పడిందంటే రైతుకి తల కొట్టేసినట్టు ఉంటుంది. వాళ్లని సముదాయించడం కూడా నా పనిలో భాగమే.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద ఊళ్లో, ఎయిడ్స్ రాకుండా ఆపే టీకా కోసం జరుగుతున్న పరీక్షలో చేరాను. ఊరి పేరు, ఆస్పత్రి పేరు చెప్పను. వాళ్ల తప్పు వెంట్రుకవాసంత కూడా లేదు. ఎందుకు చేరావు అని మీరు అడిగితే, లోకానికి మేలు జరగాలని అంటాను. అది అబద్ధం కాదు. కానీ నలుగురిలో ఆ మాట చెప్పుకోవచ్చన్న ఆశ కూడా ఉండింది. రెండూ కలిసే ఉండేవి, ఏది ఎంతో నేను ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

అక్కడ ఒక కౌన్సెలర్ ఉండేది. మేడమ్ అనే పిలిచేవాళ్లం. ఎంత ఓపికో ఆమెకి. కొందరికి టీకా ఇస్తాం, కొందరికి ఉత్త ఉప్పు నీళ్లు ఇస్తాం, ఎవరికి ఏది పోయిందో చివరిదాకా ఇచ్చేవాళ్లకి కూడా తెలియదు అని చెప్పింది. టీకాలో రోగం పుట్టించే క్రిమి ఉండదని, దానివల్ల రోగం రాదని పదే పదే చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. టీకా పడినవాళ్లకి మామూలు ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే, రోగం లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీదకి ఒళ్లు తయారుచేసుకున్న బలగాన్ని. అలా ఎప్పుడైనా చూపిస్తే కంగారు పడకుండా మా దగ్గరికి రండి, క్రిమినే వెతికే పరీక్ష ఇంకోటి ఉంది, చేసి తేలుస్తాం అంది. నాకు వెంటనే అర్థమైంది. పక్కనున్నవాళ్లకి నేనే విడమరిచి చెప్పాను. ఉప్పు నీళ్లంటే చెక్ ప్లాటు కదా.

పరీక్ష ముగిసిన తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ఎవరికి ఏది ఇచ్చారో చెప్పారు. నాకు ఇచ్చింది ఉప్పు నీళ్లు.

మేడమ్ నా ముఖం చూసి గ్రహించింది. ఉప్పు నీళ్లు తీసుకున్నవాళ్లు లేకపోతే మాకు ఏమీ తెలిసేది కాదు, మీరు ఇచ్చింది ఏమీ తక్కువ కాదు అంది. అచ్చం నేను రైతులకి చెప్పే మాటలే. ఆ మాటలు విన్నప్పుడు రైతుకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇది మీరు చెబితే తప్ప మా నోటినుంచి ఎవరికీ పోదు అని కూడా అంది. నేను తల ఊపి వచ్చేశాను.

నాగరత్నది బాగేపల్లి వైపు పల్లె. పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు ఆమెతో కాసేపు మాట్లాడే అవకాశం ఇచ్చారు. మాట్లాడటానికి ఏముంటుంది? టీకా సంగతి చెప్పాను. నా ఒంట్లోకి టీకా ఎక్కించారని, దానివల్ల మామూలు పరీక్షలో తప్పుగా చూపిస్తుందని, ముందే చెప్పడం ధర్మమని చెబుతున్నానని అన్నాను. ఎంత నిజాయితీగా చెప్పానో చూడండి. అప్పటికే నాకు తెలుసు, నా ఒంట్లోకి పోయింది ఉప్పు నీళ్లని. ఆమె కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. అంత గౌరవంగా నన్ను అంతకుముందు ఎవరూ చూడలేదు. పెళ్లయ్యాక ఊరంతా చెప్పింది. మా ఆయన లోకం కోసం చెయ్యి చాపినాడని. నేను సిగ్గుపడుతున్నట్టు నటించేవాణ్ణి.

ఇంతవరకూ అయితే గొప్పలు చెప్పుకునే మొగుడి కథ. ఇలాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇక్కడే ఆగిపోయి ఉంటే మీకు రాసే పనే లేదు.

పాప పుట్టింది. పాప నడక నేర్చాక కంపెనీ నన్ను దూరపు జిల్లాలకి తిప్పడం మొదలుపెట్టింది. ఒక ఊళ్లో ఒక స్నేహం కలిసింది. ఆమె గురించి ఇంతకంటే చెప్పను, ఆమె నన్ను ఏ రకంగానూ మోసం చేయలేదు. జాగ్రత్త తీసుకోవాలని నాకు తెలియదా? బాగా తెలుసు. ఆ జాగ్రత్తల గురించి నాలాగా గంటలు గంటలు విన్నవాళ్లు మా జిల్లాలో ఎంతమంది ఉంటారు? అయినా ఎందుకో భయం వేయలేదు. టీకా వేసుకున్నానని అన్నేళ్లుగా అందరితో చెప్పి చెప్పి, చివరికి నా అబద్ధాన్ని నేనే నమ్మానా? నమ్మినట్టే ఉన్నాను.

తర్వాత కంపెనీ మానేసి చింతామణిలో అంగడి పెట్టాను. ఒకసారి నాగరత్నకి కడుపులో నొప్పి వస్తే అక్కడే ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్లాను. చిన్న ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు చేసే రక్తపరీక్షలు చేశారు. డాక్టరు నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. ఆడమనిషి సంగతి ముందు మొగుడికి చెప్పడం మా దగ్గర అలవాటు. అది మర్యాద అనుకుంటారు. ఆమె రక్తంలో హెచ్ఐవి చూపించిందని, ఇద్దరూ జిల్లా ఆస్పత్రికి పోయి మళ్లీ పరీక్ష చేయించుకోండని, ఈ రోజుల్లో మందులు వాడితే నిండు ఆయుష్షు ఉంటుందని కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు. ఒక్క మాట కూడా పొల్లు పోకుండా నాకు అర్థమైంది. ఏది ఎక్కడినుంచి వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది.

చింతామణి బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం. చిక్కబళ్లాపురం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఎక్కితే జిల్లా ఆస్పత్రి.

“డాక్టరప్ప ఏమనె? నిన్నొకణ్ణే ఎందుకు పిలిసె?” అంది.

“రక్తంలో ఎయిడ్స్ ఉన్నట్టు చూపిచ్చిందంట.”

“ఎవురికి, నాకా?” ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. “నాకెట్ల వస్తాది? నేను యాడికి పోయినాను?”

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. “నువ్వు యాడికీ పోలేదులే. అది నా సూదిది. టీకా ఏసుకున్నోళ్లకి అట్ల చూపిస్తాదని పెండ్లికి ముందే చెప్తి గదా.”

“ఏసుకునింది నువ్వు గదప్పా. నాకెందుకు చూపిస్తాది?”

“ఆలుమొగుళ్లం గదా. నా ఒంట్లోది నీ ఒంట్లోకి రాకుండా యాడికి పోతాది? మంచిదే వచ్చింది నీకు. ఇంక ఆ రోగం నీ దగ్గరికి కూడా రాదు.”

ఆమె నవ్వింది. “అట్లనా. ఎంత బయపడితినో చూడు. పద, ఒక కాఫీ తాగుదాం.”

కాఫీ తాగాం. చిక్కబళ్లాపురం బస్సు మా ముందే వెళ్లిపోయింది. ఆమె ఒక్కసారి కూడా నన్ను అనుమానంగా చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఇదిగో, ఇప్పుడు కూడా ఆమె మీదకే తోస్తున్నాను.

ఆపరేషన్ వద్దన్నాం. నొప్పికి మాత్రలు తెచ్చాను. నర్సింగ్ హోము నుంచి ఎవరో ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి అడిగితే, నాగరత్నే ఆమెకి నచ్చజెప్పి పంపింది. మా ఆయనకి అన్నీ తెలుసమ్మా, పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గర నేర్చుకున్నాడు అంది. నేను పక్క గదిలో ఉండి విన్నాను.

ఆ తర్వాత నేను చేసింది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అయినా రాస్తాను. నేను హిందూపురం పోయి పరీక్ష చేయించుకున్నాను. అది ఆంధ్రా, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు లేరు. ఉందన్నారు. మందులు ఇచ్చారు. భార్యని తీసుకురమ్మన్నారు. సరే అన్నాను. ఆ మాత్రలు అంగడిలో విత్తనాల ప్యాకెట్ల వెనక పెట్టుకుని రోజూ వేసుకునేవాణ్ణి, వేసుకుని ఇంటికి పోయి ఆమె వడ్డిస్తే తినేవాణ్ణి. నేను నిలదొక్కుకున్నాను. ఒళ్లు కూడా చేశాను. ఆమె చిక్కిపోతూ వచ్చింది. ప్రతిరోజూ రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. అంత ప్రేమ లేకపోయిందా నాకు? ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ప్రేమ ఉన్నవాడే ఈ పని చేశాడు. చెబితే ఆమె నన్ను చూసే చూపు పోతుందని, ఆ చూపు కోసం ఆమెనే పోగొట్టుకున్నాను.

దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. చిక్కబళ్లాపురంలో ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, నన్ను బయట నిలబెట్టి, నాగరత్నతోనే నేరుగా మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. టీకా భార్యకి అంటుకోదని చెప్పే ఉంటుంది. చెప్పకుండా ఎలా ఉంటుంది? నేను లోపలికి పోయేసరికి నాగరత్న కళ్లు మూసుకుని ఉంది. ఆ రోజునుంచి మందులు మొదలుపెట్టారు. కానీ ఒంట్లో పట్టు లేదు.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఒక్కటే తేడా. అంతకుముందు నా చేత్తో నీళ్లు తాగేది. ఆ తర్వాత నీళ్లు కావాలంటే పాపని పిలిచేది. నేను గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నా సరే, పాప వచ్చేదాకా ఆగేది. కానీ చూడటానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ, ఇదంతా ఆయన ఏసుకున్న సూది వల్లనే అని చెప్పేది. తన అన్నతో చెప్పింది, పాపతో చెప్పింది. నమ్మే చెప్పిందా? నా పరువు కాపాడటానికి చెప్పిందా? పాపకి తండ్రి అయినా మిగలాలని చెప్పిందా? ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా నాకు తెలియడం లేదు. కొన్ని వారాలకే పోయింది. ఇప్పటికీ ఇంట్లో నీళ్లు తాగేటప్పుడు ఎవరో నా చేతిలో గ్లాసు వైపు చూస్తున్నట్టే ఉంటుంది.

అప్పటినుంచి ఆ మాట ఊళ్లు తిరుగుతోంది. కరోనా సూది వేయడానికి వచ్చినప్పుడు నాగరత్న పుట్టింటి పల్లెలో తలుపులు వేసుకున్నారు. మా ఆడబిడ్డని సూదే పొట్టన పెట్టుకుంది అన్నారు. నేను మాత్రం ఫోన్లో టీకా వార్తలు వెతికి వెతికి చదువుతుంటాను. ఎన్నో దేశాల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి పనిచేస్తారు. వేలమంది చేతులు చాపుతారు. చివరికి ఇది పనిచేయడం లేదని తేలుతుంది. వాళ్లు దాచరు. పెద్ద సభలో నిలబడి, ఓడిపోయాం, ఇదిగో ఇక్కడ తప్పు జరిగింది అని చెబుతారు, మళ్లీ మొదలుపెడతారు. అది చదివినప్పుడల్లా నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పాప ఇప్పుడు చిక్కబళ్లాపురంలో డిగ్రీ చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఈమధ్య అక్కడ ఒక హాల్లో సభ పెట్టారు. కొత్తగా టీకా పరీక్షలు ఏవైనా మొదలుపెట్టాలంటే ముందు అక్కడి జనంతో మాట్లాడాలి, వాళ్ల భయాలు వినాలి అన్నది ఇప్పటి పద్ధతి. పాప నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నువ్వే సాక్షివి, నువ్వు రాకపోతే ఎట్ల నాయినా అంది.

వేదిక మీద మేడమ్ కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చిన్నగా నవ్వింది కూడా.

పాప లేచి మాట్లాడింది. కన్నడంలో, తడబడకుండా. మా నాన్న లోకం కోసం చెయ్యి ఇచ్చాడు, మీ టీకా మా అమ్మని తీసుకుపోయింది, దానికి ఎవరు జవాబు చెబుతారు అని అడిగింది. నా పేరు చెప్పి నన్ను చూపించింది. హాలంతా నావైపు తిరిగింది. మేడమ్ కూడా చూసింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోవడం చూశాను. ఆమెకి తెలుసు, నాకు పడింది ఏమిటో. పాప చెప్పిన నాలుగు మాటల్లోనే మిగతాదంతా ఆమెకి అర్థమై ఉంటుంది.

ఒక్క మాట అంటే చాలు. మీ నాన్నకి ఇచ్చింది ఉప్పు నీళ్లమ్మా అంటే చాలు. ఆమె, ఆమె తోటివాళ్లు, వాళ్ల ఇన్నేళ్ల పని, అన్నీ ఆ ఒక్క మాటతో నింద నుంచి బయటపడేవి. ఆమె అనలేదు. ఎప్పుడో నాకు ఇచ్చిన మాట కోసం అనలేదు. లేచి నిలబడి, మా పాపకి రెండు చేతులూ జోడించి, మీ అమ్మ పోయినందుకు చాలా బాధగా ఉంది అంది. అంతే. జనం దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నారు. ఎవరో అరిచారు. కుర్చీలు కదిలాయి. సభ అక్కడితో అయిపోయింది. వెళ్లిపోయేటప్పుడు ఆమె నా ముందు ఆగింది. కోపం లేదు. ఎదురుచూసింది, నేనేమైనా అంటానేమోనని. నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

పాప ఆ రోజునుంచి ఊపు మీద ఉంది. సెలవుల్లో పల్లెపల్లెకీ తిరిగి, ఏ సూదీ వేయించుకోవద్దని చెబుతానంటోంది. ఆ రోజు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. మనిద్దరమే మిగిలినాం నాయినా అంది. నాకు ఊపిరి ఆడలేదు. నా బిడ్డ బతుకంతా నా అబద్ధం మీద కట్టుకుంటోంది, రేపు దాన్ని నమ్మి ఏ తల్లో తన బిడ్డకి పడాల్సిన సూది మాన్పిస్తుంది, అప్పుడు ఆ పాపం నా బిడ్డకి అంటుకుంటుంది. అందుకే రాయడం మొదలుపెట్టాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పాపకి తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ, చదివిందంతా కన్నడం. నేను చదివిందీ కన్నడమే, తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పించింది. కన్నడంలో రాయడం నాకు ఇంకా సులువు. మరి ఇదంతా తెలుగులో ఎందుకు రాశాను? పేజీల మీద పేజీలు నింపి, ఇంట్లో బల్ల మీదే వదిలేసి, ఆమె పక్కనుంచి పోతున్నా నిశ్చింతగా ఎందుకు కూర్చున్నాను? ఇది గమనించిన క్షణంలో నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కున్నాను.

అందుకని పాపని పిలిచాను. చిక్కుడుకాయలు తుంచుతూ వచ్చి కూర్చుంది. ఏం రాసినావు నాయినా, సదువు అంది. మొదటినుంచి చదివాను. ఉప్పు నీళ్ల దగ్గర చేతులు ఆగాయి. బస్టాండు దగ్గర గిన్నె కింద పెట్టింది. హిందూపురం దగ్గర కూడా నేను ఆపలేదు. ఆమె కూడా ఆపమనలేదు. అంతా అయ్యాక, ఇప్పుడు కూడా మాత్రలు ఏసుకుంటాండావా అని అడిగింది. ఏసుకుంటాండాను అన్నాను. లేచి లోపలికి పోయింది.

ఈ చివరి ముక్కలు ఇప్పుడు రాస్తున్నాను. లోపల బీరువా తెరిచిన చప్పుడైంది. బట్టలు సర్దుకుంటోంది. పల్లెలో మేనమామ ఇంటికి పోతుందేమో. పోవద్దని అడిగే ముఖం నాకు లేదు. పోయి వాళ్లందరికీ చెబుతుంది. చెప్పాలి కూడా. రేపు అంగడి తెరిస్తే ఎవరైనా వస్తారో రారో తెలియదు. భయంగా ఉంది. కానీ నాగరత్నని చంపింది టీకా కాదని, నేనని, ఇప్పుడు నా నోటినుంచే విని ఇంకొక మనిషికి తెలుసు. చాలా ఏళ్ల తర్వాత నాకు ఊపిరి లోపలిదాకా పోతోంది.